ఉద్యోగం చేస్తూనే తరచూ ప్రయాణం: వరంగల్ వైపు వారికి ఏ పద్ధతి కుదురుతుంది?

నెలకో రెండు నెలలకో ఒకసారైనా ఊరు దాటాలని ఉండి, చేస్తున్న ఉద్యోగాన్ని వదులుకోలేని వారి ముందు సాధారణంగా నాలుగు పద్ధతులు ఉంటాయి. ఆదివారాలనే వాడుకుని చుట్టుపక్కల తిరిగి రావడం ఒకటి. పండుగ సెలవుకు ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) కలుపుకుని మూడు నాలుగు రోజులు వెళ్లి రావడం రెండోది. ఈఎల్ (సర్వీసును బట్టి జమ అయ్యే ఎర్న్‌డ్ లీవు) కూడబెట్టుకుని ఏడాదికొకసారి పెద్ద ప్రయాణం పెట్టుకోవడం మూడోది. ల్యాప్‌టాప్ వెంట తీసుకువెళ్లి వేరే ఊరి నుంచి పని చేయడం నాలుగోది. మొదటి మూడింటినీ నేను హనుమకొండలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో పదకొండేళ్లుగా పని చేస్తూ ప్రయత్నించి చూశాను. నాలుగోదాన్ని మడికొండ ఐటీ పార్కులో పని చేసే మా తమ్ముడు చేస్తుంటే దగ్గర నుంచి గమనించాను. నాలుగూ పనికొచ్చేవే, కానీ నాలుగూ అందరికీ పనికిరావు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైన విషయం ఒకటుంది. ఎక్కడికి వెళ్దామన్న ప్రశ్నతో మొదలుపెట్టిన ప్రయాణాలు ఒకటి రెండు జరిగి ఆగిపోతాయి. తిరిగి ఏ రోజు, ఎన్ని గంటలకు డ్యూటీలో చేరాలో ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చిన వారి ప్రయాణాలు మాత్రం ఏళ్ల తరబడి సాగుతాయి. కింది పోలికంతా ఆ లెక్క మీదనే నడుస్తుంది.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది సెలవు ఖాతా. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 15 సీఎల్‌లు, 5 ఐచ్ఛిక సెలవులు ఉంటాయి. ఇవి కాక జనవరి 1న పదిహేను, జూలై 1న పదిహేను చొప్పున 30 ఈఎల్‌లు జమ అవుతాయి. బ్యాంకు ఉద్యోగికి 12 సీఎల్‌లు, పదకొండు రోజుల సర్వీసుకు ఒక రోజు చొప్పున పీఎల్ (ప్రివిలేజ్ లీవు) వస్తాయి. దుకాణాలు, సంస్థల చట్టం కిందికి వచ్చే ప్రైవేటు ఉద్యోగి ఏడాదిలో 240 రోజులు పని చేస్తే తరువాతి ఏడాది 15 రోజులు జీతంతో కూడిన సెలవుకు అర్హుడవుతాడు. గనుల్లో భూగర్భంలో దిగే కార్మికుడికి పదిహేను మస్టర్లకు (హాజరు దినాలకు) ఒక రోజు, ఉపరితలంలో పని చేసేవారికి ఇరవై మస్టర్లకు ఒక రోజు లెక్క. ఇదంతా కాగితం మీది మాట. ఖాతాలో ఉన్న సెలవు వేరు, మంజూరయ్యే సెలవు వేరు, ఆ మంజూరైన దానిలో ప్రయాణానికి మిగిలేది వేరు. మా ఇంట్లో గోడ క్యాలెండర్ వెనక పేజీ మీద నేను ఏటా పెన్సిల్‌తో సీఎల్‌ల పట్టిక గీసుకుంటాను. క్రితం ఏడాది పదిహేనింటిలో పెళ్లిళ్లకు మూడు, దశదిన కర్మలకు రెండు, పిల్లవాడి జ్వరానికి రెండు, బ్యాంకు పనికి ఒకటి పోయాయి. మిగిలిన ఏడే నావి. మీరు కూడా గడచిన ఏడాది లెక్క ఒకసారి ఇలా రాసి చూసుకోండి. ఎవరికైనా తమ దగ్గర ఉన్నాయనుకున్న సెలవుల్లో సగం ఇంటి అవసరాల కిందనే కనిపిస్తాయి.

రెండోది తిరిగి చేరే గంట. మనం పదిన్నరకు సంతకం పెట్టాలా, ఆరింటి షిఫ్టుకు పోవాలా, తొమ్మిదిన్నరకు కాల్‌లో కూర్చోవాలా అన్న దాన్ని బట్టి ఏ రైలు పనికొస్తుందో తేలుతుంది. ఇక్కడ వరంగల్ వారికొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విశాఖ, తిరుపతి, చెన్నై నుంచి హైదరాబాద్ వైపు వచ్చే రాత్రి రైళ్లు హైదరాబాద్ వారిని తెల్లవారాక హాయిగా దింపుతాయి కానీ మనల్ని నడిరాత్రి దాటాక, ఇంకా చీకటి ఉండగానే దింపుతాయి. నిద్ర పట్టిందో, స్టేషన్ దాటిపోతుంది.

మూడోది, మనం లేనప్పుడు ఇంటిని ఎవరు చూస్తారన్నది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇద్దరి సెలవులూ ఒకే రోజున పడాలి. పెద్దవాళ్లకు బీపీ, షుగరు మాత్రలు వేళకు ఇచ్చేవారు ఉండాలి. నాలుగోది డబ్బు. దీన్ని మొత్తంగా కాక రోజుకు ఎంత పడుతుందని చూడాలి. ఐదోది ఎవరూ పైకి చెప్పనిది: ఆఫీసులో మన పేరు. సెలవు నిబంధన ప్రకారమే తీసుకున్నా, బిల్లులు పెట్టే మార్చి నెలాఖరులో, ఆడిట్ వచ్చిన వారంలో, ఎన్నికల డ్యూటీలు వేసేటప్పుడు మాయమయ్యే వాడని పేరు పడితే ఆ తరువాత నిజంగా అవసరమైన సెలవుకు కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులు సెలవు రోజుల్లోనైనా పని చేసే ఊరు, అంటే హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లడానికి అనుమతి తీసుకోవాలన్న నియమాన్ని చాలామంది పట్టించుకోరు. ఏమీ జరగనంత కాలం అది గుర్తుకు రాదు. ఏదైనా జరిగిన రోజున మొదట అడిగేది అదే.

| పద్ధతి | ఖర్చయ్యే సెలవు | చేతికొచ్చే రోజులు | చేరగల దూరం | డ్యూటీలో చేరిన రోజు అలసట |
|---|---|---|---|---|
| ఆదివారం ప్రయాణం | ఏమీ లేదు | 1 (రెండో శనివారం కలిస్తే 2) | రోడ్డు మీద రెండు గంటల లోపు | తక్కువ |
| పండుగకు సీఎల్ కలపడం | 1 | 3 లేదా 4 | ఒక రాత్రి రైలు | ఎక్కువ |
| ఏడాదికొక పెద్ద ప్రయాణం | 5 నుంచి 6 ఈఎల్‌లు | 9 | దేశంలో ఎక్కడికైనా | ఒక రోజు ముందే ఇల్లు చేరితే తక్కువ |
| వేరే ఊరి నుంచి పని | ఏమీ లేదు | రెండు వారాంతాలు, ఐదు సాయంత్రాలు | ఇంటర్నెట్ ఉన్న ఏ ఊరైనా | మధ్యస్థం |

ఆదివారం ప్రయాణం

దీన్ని చాలామంది ప్రయాణంగానే లెక్కచేయరు. తరచూ అన్న మాటకు నిజంగా నిలబడేది మాత్రం ఈ పద్ధతే, ఎందుకంటే దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పైగా ఉత్తర తెలంగాణలో ఉన్నవారికి ఈ విషయంలో హైదరాబాద్ వారి కంటే నయమైన పరిస్థితి ఉంది. వాళ్లు నగరం దాటడానికి పెట్టే సమయంలో మనం ములుగు దాటిపోతాం.

దూరం విషయంలో నేను పాటించే కొలత ఒకటే: రోడ్డు మీద గడిపే సమయం కంటే అక్కడ గడిపే సమయం ఎక్కువ ఉండాలి. ఆ లెక్కన హనుమకొండకు సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, నర్సంపేట దాటాక ఉన్న పాకాల చెరువు, రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు, డెబ్బై కిలోమీటర్ల దూరంలోని రామప్ప, దానికి కొంచెం అటుగా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం ఒక్క రోజుకు సరిగ్గా సరిపోతాయి. కాళేశ్వరం వందకు పైగా కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే వెళ్లి రావచ్చు కానీ దర్శనానికి జనం ఎక్కువగా ఉన్న రోజున సాయంత్రం చీకటి పడుతుంది. బొగత జలపాతం ఏటూరునాగారం దాటి, గోదావరి మీది వంతెన కూడా దాటి, వాజేడు మండలంలో ఉంది. ఒక్క రోజులో వెళ్లి వస్తే ఐదారు గంటలు రోడ్డు మీదే పోతాయి. వానాకాలంలో తప్ప ఆ నీటి జోరు ఉండదు, జోరు మరీ ఎక్కువైనప్పుడు లోపలికి వెళ్లనివ్వరు. కనుక బొగతను ఆదివారం జాబితాలోంచి తీసి, రెండో శనివారంతో కలిసి రెండు రోజులు దొరికినప్పటికి ఉంచుకోవడం మంచిది. రాత్రికి తాడ్వాయిలోనో లక్నవరంలోనో పర్యాటక శాఖ వసతి ముందుగా చూసుకోవాలి.

ఒక్క రోజులో ఏం చూస్తామని తీసిపారేసేవారికి రామప్ప గురించి ఒక మాట చెప్పాలి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తరువాత ఆదివారం పదకొండు దాటితే నిలబడి చూసే వీలు తగ్గింది. ఆరింటికి హనుమకొండలో బండి తీస్తే ఎనిమిది లోపల పాలంపేటలో ఉంటాం. ఆ వేళ ఎండ తూర్పు నుంచి ఏటవాలుగా పడుతుంది. చూరు కింద నిలిచిన మదనికల నల్లరాతి మెడ మీది నగల్లో ఒక్కొక్క పూసకూ విడిగా నీడ కనబడుతుంది. పది గంటలకు ఎండ నిటారుగా లేచేసరికి ఆ నీడలు పోయి, బొమ్మ చదునుగా అయిపోతుంది. ఒంటి గంటకు ఇంటికి చేరి భోంచేసి, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం పిల్లల హోంవర్కు చూడవచ్చు. సోమవారానికి ఏ బాకీ మిగలదు. ఇదే గుడికి నేను మధ్యాహ్నం పూట నాలుగుసార్లు వెళ్లాను, ఏమీ చూడలేదనే చెప్పాలి.

బస్సు మీద ఆధారపడేవారు మొదటి బస్సు ఎప్పుడన్నది కాక తిరుగు ప్రయాణంలో చివరి బస్సు ఎప్పుడన్నది డిపోలోనే అడిగి తెలుసుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల మహిళలకు టికెట్ లేదు కాబట్టి, ఉద్యోగం చేసే ఆడవారికి ఈ పద్ధతిలో దారి ఖర్చు దాదాపు ఉండదు. దానికి తగ్గట్టే ఆదివారం బస్సుల్లో సీటు కోసం కొంత ముందుగా రావలసి ఉంటుంది.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. ఏడాదిలో యాభై ఆదివారాలున్నా, చుట్టుపక్కల చూడదగినవి మూడేళ్లలో అయిపోతాయి. ఉన్న ఒక్క సెలవూ ప్రయాణానికి పోతే బట్టలు, బియ్యం, బంధువులు అన్నీ సోమవారం మీద పడతాయి. అందుకని నెలకు ఒక్క ఆదివారానికి మించి పెట్టుకోవద్దని నా సలహా. రెండేళ్లకొకసారి మేడారం జాతర వచ్చే కాలంలో, జాతరకు కొన్ని వారాల ముందు నుంచే, ములుగు దారి మీద మీ రెండు గంటల లెక్క పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అన్నట్టు, మావంటి వారిలో చాలామందికి జాతరంటే ప్రయాణం కాదు, డ్యూటీ.

పండుగకు సీఎల్ కలపడం

ఎక్కువమంది ఆశపడేదీ, ఎక్కువమంది దెబ్బతినేదీ దీనిలోనే. ఒక సీఎల్‌కు మూడు రోజులు రావడం చూడటానికి బాగుంటుంది కానీ, ఒకే క్యాలెండర్ ముగ్గురికి మూడు రకాలుగా పనిచేస్తుంది. 2026నే తీసుకోండి. జనవరి 26 సోమవారం, దాని ముందు శనివారం 24 నాలుగో శనివారం. బ్యాంకు ఉద్యోగికి ఒక్క సెలవు కూడా పెట్టకుండా మూడు రోజులు వచ్చాయి, ఐటీ ఉద్యోగికీ అంతే. మాకు శనివారం పని దినం కాబట్టి ఒక సీఎల్ పోతుంది. అక్టోబరు 2 శుక్రవారం, మరుసటి రోజు మొదటి శనివారం. ఐటీ ఉద్యోగికి ఊరికే మూడు రోజులు, బ్యాంకు వారికీ మాకూ ఒక సీఎల్ ఖర్చు. సెప్టెంబరు 14 సోమవారం వినాయక చవితి, 12వ తేదీ రెండో శనివారం. కాగితం మీద ముగ్గురికీ మూడు రోజులు సెలవే, కానీ చవితి నాడు ఇంట్లో గణపతిని కూర్చోబెట్టకుండా విశాఖ బీచ్‌లో ఉంటానని మా అమ్మతో చెప్పే ధైర్యం నాకు లేదు. సద్దుల బతుకమ్మ, దసరా సెలవుల విషయంలో ఆడవారికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. సెలవులు గుంపుగా వచ్చేది పండుగలకే, ఇల్లు కదలనివ్వనిదీ పండుగలకే. కనుక మీ ఇంట్లో చేయని పండుగ ఏదో, గణతంత్ర దినోత్సవం, గాంధీ జయంతి లాంటి ఇంటి పని లేని సెలవు ఏదో ముందు విడదీసుకోవాలి. అలా వడపోస్తే ఏడాదిలో మూడో నాలుగో మిగులుతాయి. ఈ పద్ధతి నిజమైన పరిమాణం అంతే.

దూరం విషయంలో కాజీపేట, వరంగల్ స్టేషన్లు మనకున్న పెద్ద ఆస్తి. సాయంత్రం ఆఫీసు ముగించుకుని ఇంటికెళ్లి, తిని, రైలెక్కితే గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖకు, పద్మావతి తిరుపతికి, చార్మినార్ చెన్నైకి తెల్లవారేసరికి చేరుస్తాయి. అంటే ప్రయాణం నిద్రలోనే అయిపోతుంది, పగలు మిగులుతుంది. 2023 జనవరి నుంచి నడుస్తున్న సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ వరంగల్‌లో ఆగుతుంది, వేగంగానే పోతుంది. కానీ అది పగటి రైలు కాబట్టి మూడు రోజుల ప్రయాణంలో దాని కోసం సగం పని దినం వదులుకోవాలి. విమానం సంగతి కూడా ఇంతే. శంషాబాద్ చేరడానికి ఇక్కడి నుంచి నాలుగు గంటలు, అక్కడ రెండు గంటలు ముందుండటం, ఆపైన గాలిలో గంటంబావు కలిపితే తిరుపతికి ఏడు గంటల మెలకువ ఖర్చవుతుంది. రైలుకు అంతకంటే ఎక్కువ గంటలు పట్టినా అవి పడుకున్న గంటలు. హైదరాబాద్‌లో ఉండే బంధువులు విమానంలో వెళ్లొచ్చామని చెప్పే లెక్కలు మనకు వర్తించవు.

టికెట్ దగ్గర చాలామంది చేసే పొరపాటు పోయే టికెట్ ముందు కొనడం. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది, ఉదయం ఎనిమిదికి బుకింగ్ తెరుచుకుంటుంది. పండుగ చివరి రోజు రాత్రి తిరుగు రైలుకే అసలు పోటీ. ఆ టికెట్ దొరికితేనే ప్రయాణం ఖాయమని అనుకోవాలి, దొరకకపోతే ఊరు మార్చుకోవాలి. పోయే టికెట్‌ను తరువాత తత్కాల్‌లోనైనా చూసుకోవచ్చు. తత్కాల్ ఒక రోజు ముందు ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి మొదలవుతుంది. తిరుగు ప్రయాణాన్ని మాత్రం దాని మీద వదిలేయకండి.

తిరుగు రైలు గంట గురించి ముందే ఎందుకు అంతగా చెప్పానంటే, అది నా అనుభవం. నాలుగేళ్ల క్రితం విశాఖ నుంచి ఆదివారం రాత్రి రైల్లో వస్తూ, వరంగల్‌కు ఇంకా గంట ఉందిలే అని పక్కకు తిరిగి పడుకున్నాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి అలారం మోగలేదు. మెలకువ వచ్చేసరికి కిటికీ బయట తెల్లగా వెలుతురుంది, ఎదుటి బెర్తు పెద్దమనిషి దుప్పటి మడతపెట్టుకుంటూ, "ఎక్కడ దిగాలె బిడ్డా? భువనగిరి సుత దాటిపోయింది" అన్నాడు. సికింద్రాబాద్‌లో దిగి, ఉప్పల్ దాకా వచ్చి, బస్సు పట్టుకుని హనుమకొండ చేరేసరికి పదకొండు దాటింది. పళ్లు తోముకోని ముఖంతో, భుజాన సంచితో హాల్లోకి అడుగుపెడితే, హాజరు పట్టీ అప్పటికే సార్ గదిలోకి వెళ్లిపోయింది. అర సీఎల్ పోయింది. అంతకంటే, ఆ తరువాత రెండు నెలల పాటు నేను ఎప్పుడు సంచి పట్టుకుని కనిపించినా పక్క సెక్షన్ మిత్రుడు "ఏం సార్, ఈసారి భువనగిరేనా?" అని అడిగేవాడు. ఇప్పుడు రైల్వే విచారణ నంబరు 139కు ఫోన్ చేసి గమ్యం వచ్చే ముందు మేల్కొలిపే ఏర్పాటు చేసుకుంటాను, ఇంటి దగ్గర కూడా ఒకరిని ఫోన్ చేయమంటాను. అయినా మంచిది ఏమిటంటే, వీలైతే ఆదివారం పగటి రైలుకే తిరిగి రావడం. అక్కడ అర పూట తగ్గుతుంది, ఇక్కడ రాత్రంతా పరుపు మీద పడుకుంటాం. నలభై దాటిన వారికి ఈ బేరంలో నష్టం లేదు.

ఏడాదికొక పెద్ద ప్రయాణం

ఇది తరచూ ప్రయాణం కాదు కదా అని అడగవచ్చు. మిగతా రెండింటితో కలిపితేనే దీనికి అర్థం, ఒక్కటే పెట్టుకుంటే పదకొండు నెలలు ఎదురుచూపులు. లెక్క మాత్రం చక్కగా ఉంటుంది. ఈఎల్‌కు ముందూ వెనకా ఉన్న సెలవు దినాలను కలుపుకోవచ్చు కాబట్టి, రెండో శనివారంతో మొదలుపెట్టి మరుసటి ఆదివారం దాకా మాకు ఆరు ఈఎల్‌లతో తొమ్మిది రోజులు వస్తాయి. వారానికి ఐదు రోజులే పని ఉన్నవారికి ఐదింటికే తొమ్మిది. సీఎల్‌లతోనే నెట్టుకురావాలనుకునే ప్రభుత్వ ఉద్యోగులకు సెలవు దినాలతో కలిపి పది రోజులకు మించకూడదన్న పరిమితి ఉంటుంది. పైగా సీఎల్‌లన్నీ ఒకేసారి ఊడ్చేస్తే ఏడాది మిగతా కాలం ఇంటి అవసరాలకు ఏమీ ఉండదు. పెద్ద ప్రయాణానికి ఈఎల్ వాడటమే సరైన పని.

ఇక్కడ అసలు పోటీ ప్రయాణానికీ ఆఫీసుకూ మధ్య కాదు, ప్రయాణానికీ డబ్బుకూ మధ్య. ఏటా పదిహేను ఈఎల్‌లు సరెండర్ చేసి డబ్బు తీసుకోవడం మాలో చాలామందికి అలవాటు. పిల్లల ఫీజులు దాని మీదనే కట్టేవారున్నారు. ఆరు ఈఎల్‌లు వాడుకున్నా ముప్పైలో ఇరవై నాలుగు మిగులుతాయి, పదిహేను సరెండర్ చేసినా తొమ్మిది ఖాతాలో ఉంటాయి. అంటే ఏటా పదిహేనూ సరెండర్ చేసుకుంటూనే ఆరు రోజులు తిరగవచ్చు. ఈ చిన్న కూడిక తీసివేత చేయకుండానే, ఈఎల్ ముట్టుకుంటే రిటైరయ్యేటప్పుడు నష్టపోతామని భయపడేవారిని చూశాను. 300 రోజుల గరిష్ఠ పరిమితి దగ్గరికి వచ్చినవారికైతే వాడుకోకపోవడమే నష్టం.

దూరాల లెక్కలో, ఉదయం కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయం ఢిల్లీలో దిగుతాం. రాకపోకలకు రెండు రోజులు, ఇంట్లో ఉండే చివరి రోజు తీసేసినా అటు వైపు ఆరు రోజులు గడపవచ్చు. చివరి రోజు మాత్రం ఇంట్లోనే ఉండేలా చూసుకోవాలి. శనివారం రాత్రికి ఇల్లు చేరితే ఆదివారం బట్టలుతకడానికి, నిద్రకు ఉంటుంది. తొమ్మిదో రోజు కూడా బయటే గడుపుదామన్న ఆశతో సోమవారం తెల్లవారుజామున దిగినవారు పొందిన విశ్రాంతిని మంగళవారం దాకా కూడా నిలుపుకోలేరు. విదేశమైతే ప్రభుత్వ ఉద్యోగులు ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఫైలు కదిలే వేగం తెలిసినవారు టికెట్ కొనే ముందే దరఖాస్తు పెడతారు.

వేరే ఊరి నుంచి పని

మా తమ్ముడు మొదటిసారి రెండు రోజుల కోసం విశాఖ వెళ్లి, పగలంతా గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆర్కే బీచ్‌ను పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా చూసి తిరిగొచ్చాడు. "అన్నా, సముద్రం పక్కన కూడా అదే స్టాండప్ కాల్" అన్నాడు. రెండోసారి పద్ధతి మార్చాడు. శుక్రవారం రాత్రి వెళ్లి, రెండు రోజులు తిరిగి, సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే పని చేసి, మళ్లీ శనివారం తిరిగి, ఆదివారం పగటి రైలుకు వచ్చాడు. ఒక్క సెలవు కూడా పోకుండా మూడు పూర్తి రోజులు, ఐదు ఉదయాలు, ఐదు సాయంత్రాలు దక్కాయి. ఈ పద్ధతి లాభం పని రోజుల్లో లేదు, ఆ వారానికి రెండు చివర్లా ఉన్న శని, ఆదివారాల్లో ఉంది. వారం కంటే తక్కువైతే ఇది దండగ అనే నా అభిప్రాయం.

సంస్థ నుంచి రాతపూర్వకమైన అనుమతి ఉండాలి, నోటి మాట చాలదు. ఏ ఊరి నుంచి లాగిన్ అయ్యారో వాళ్లకు తెలుస్తుంది. వసతి తీసుకునే ముందు గదిలో ఇంటర్నెట్, కరెంటు పోతే ప్రత్యామ్నాయం ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. తాడ్వాయి అడవిలో కూర్చుని పని చేస్తానని కలలు కనేవారు ముందు ఒక ఆదివారం వెళ్లి సిగ్నల్ చూసుకుని రావడం మంచిది. పెళ్లయి పిల్లలున్నవారికి, బడి నడిచే రోజుల్లో ఈ పద్ధతి దాదాపు అసాధ్యం.

జీతం లేని సెలవు పెట్టి రెండు మూడు నెలలు తిరిగి రావడం కూడా ఉంది కానీ, ఇంక్రిమెంట్లు, సర్వీసు లెక్క, ఇంటి వాయిదాలు అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. అది తరచూ చేసేది కూడా కాదు కనుక దాన్ని ఈ పోలికలోకి తీసుకురాలేదు.

ఎవరికి ఏది

వారానికి ఆరు రోజులు పని చేసే ప్రభుత్వ ఉద్యోగులు నెలకొక ఆదివారం, ఏడాదికి రెండు సీఎల్ ప్రయాణాలు, ఒక ఈఎల్ ప్రయాణం పెట్టుకుంటే మొత్తం ఖర్చయ్యేది రెండు సీఎల్‌లు, ఆరు ఈఎల్‌లు మాత్రమే. రెండో శనివారాలను చుట్టాల ఇళ్లకు రాసివ్వకుండా కనీసం సగమైనా కాపాడుకోవాలి. బ్యాంకు వారికి 2015 నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి వారికి రాత్రి రైలు ప్రయాణాలే ఎక్కువ లాభం.

ఉపాధ్యాయుల సంగతి వేరు. రోజులు బోలెడున్నాయి, కానీ ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, ఎండ మండిపోయే కాలంలో ఉన్నాయి. వేసవి సెలవులుండే వెకేషన్ శాఖ కాబట్టి ఈఎల్‌లు మాత్రం బాగా తక్కువ. వీరు ఆదివారాల మీద శ్రమపడకుండా వేసవిలో చల్లని చోటికి ఒక పెద్ద ప్రయాణం ఖాయం చేసుకోవడం మేలు. ఏప్రిల్ 25న బయలుదేరాలంటే ఫిబ్రవరి 24 ఉదయమే టికెట్ కోసం కూర్చోవాలి. అప్పటికి వార్షిక పరీక్షల హడావిడి మొదలవుతుంది, చాలామంది మరిచిపోయేది అప్పుడే.

గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు షిఫ్టుల్లో పని చేసే సింగరేణి కార్మికులకు ఆదివారం అంటే సెలవు రోజు మాత్రమే కాదు, ప్లేడే (సెలవు నాటి డ్యూటీ) చేస్తే రెట్టింపు జీతం వచ్చే రోజు. కాబట్టి వీరికి ఆదివారం ప్రయాణం ఉచితం కాదు, ఆ రోజు పోగొట్టుకునే డబ్బునే దాని ఖరీదుగా లెక్కవేసుకోవాలి. ఆ లెక్క చూసుకుంటే చిన్న చిన్న ప్రయాణాల కంటే కూడబెట్టిన సెలవుతో ఏడాదికి రెండుసార్లు, నాలుగైదు రోజుల చొప్పున, రామగుండం నుంచో మంచిర్యాల నుంచో రైలెక్కడమే గిట్టుబాటు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా బైకు మీద జన్నారం అడవి వైపు బయలుదేరే కుర్రవాళ్లను చూస్తుంటాను. నాలుగు గంటలు పడుకుని బయలుదేరితే అడవి ఎక్కడికీ పోదు.

ఆదిలాబాద్ వైపు వారికి కుంతాల, పొచ్చెర జలపాతాలు, జగిత్యాల వైపు వారికి ధర్మపురి, కొండగట్టు రెండు గంటల లోపలే ఉంటాయి. వారు పై ఆదివారం జాబితాను తమ ఊరి నుంచి కొలుచుకోవాలి.

దుకాణాల్లో, మార్కెట్ యార్డు చుట్టుపక్కల గుమాస్తాలుగా పని చేసేవారికి కాగితం మీద సెలవున్నా అడగడం కష్టం. వీరికి నేను సూచించేది యజమానికి వ్యాపారం మందకొడిగా ఉండే వారం ఏదో గమనించి, నెల ముందే ఆ రెండు రోజులు చెప్పి ఉంచడం. సీజన్ మధ్యలో అడిగిన రోజుకు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే డిసెంబరు చివరి వారంలో ఇద్దరి సెలవుల జాబితాలూ ఒకే క్యాలెండర్ మీద రెండు రంగుల్లో గుర్తుపెట్టుకుని, రెండు రంగులూ కలిసిన రోజులకే టికెట్లు చూసుకోవాలి. మా ఇంట్లో కలిసిన చోట్లు ఏడాదికి ఐదు మించలేదు. ఆ ఐదింటికే ప్రయాణాలు పెట్టుకున్నాక సెలవు గురించి గొడవలు తగ్గాయి.

ఇన్ని చదివీ ఎటూ తేలకపోతే, వచ్చే రెండో శనివారం, ఆదివారం కలిపి ఒక చిన్న ప్రయాణం చేసి, సోమవారం పదిన్నరకు మీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఒళ్లు ఎలా ఉందో గమనించుకోండి. పదకొండింటికల్లా రెండు ఫైళ్లు చూడగలిగితే రాత్రి రైలు ప్రయాణాలకు మీరు సిద్ధమే. టీ కోసం మూడోసారి లేస్తుంటే ఇంకో ఆరు నెలలు రామప్ప, పాకాల మధ్యనే తిరగండి.